మోగకముందు

షెట్లాండ్ దీవుల్లో మే నెలంటే
గొర్రెలు ఈనే నెల, ఎవరికీ నిద్రలేని నెల.
పశువుల ఆసుపత్రి ముందుగదిలో
ఇంగా మోవట్ బల్ల మీద
కొత్త ఇంటర్నెట్ ఫోను,
నల్లగా నిగనిగలాడుతూ,
ఎవరు చేసినా ఒకటే మాట చూపిస్తుంది:
"తెలియని నంబరు."

పాత ఫోను పక్కన అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉండేది.
పచ్చటి తెర మీద అంకెలు వణుక్కుంటూ వచ్చేవి.
అది చాలు ఇంగాకి. ఏ కొట్టమో, ఎంత మందో,
ఆ ఇంటి కుక్క పేరేమిటో కూడా గుర్తొచ్చేది.
ఆ డబ్బా పీకేసింది నేనే.
ఇంకా ఇదేమిటని నవ్వి మరీ పీకేశాను.

మంగళవారం రాత్రి ఎవరో ఆవిడ,
"అడ్డం తిరిగింది, ఒక్క కాలే బయటికి..." అంది.
గాలికి లైను కట్టయింది.
ఏ ఇంటి గొర్రె? ఏ దిబ్బ వెనక?
కారు తాళాలు పట్టుకుని డాక్టరు
గుమ్మంలోనే నిలబడిపోయింది.
ఈ సంగతి ఇంగా నాకు చెప్పలేదు, డాక్టరే చెప్పింది.
ఇంగా టీ పోసి కప్పు నా ముందు పెట్టింది.
చక్కెర మాత్రం వెయ్యలేదు.

మూడు రోజులు ఆ బల్ల కింద బోర్లా పడుకున్నాను.
తీగ మార్చాను. కార్డు మార్చాను.
టెలిఫోన్ కంపెనీకి చేసి
నలభై నిమిషాలు వాళ్ల పియానో విన్నాను.
"మేం పంపుతూనే ఉన్నామండీ," అన్నాడు అవతలి కుర్రాడు.
"మీరే అందుకోవడం లేదు."
మా ఆవిడ కూడా ఒకప్పుడు ఇదే మాట అంది.
స్క్రూడ్రైవరు మళ్లీ తీశాను.

నాలుగో రాత్రి లైనుకి ఇయర్‌ఫోను తగిలించుకుని
నా సెల్లు నుంచి నేనే చేసి విన్నాను.
ముందు ఒక టిక్కు:
తీగలో ప్లస్సూ మైనస్సూ చోట్లు మార్చుకున్న చప్పుడు,
నిద్రలో ఎవరో ఒత్తిగిలినట్టు.
తర్వాత చిన్న కూత.
తర్వాత జల్లెడలో ఇసుక ఆడించినట్టు గరగర,
ఇలా వచ్చి అలా పోయింది.
నా పదకొండు అంకెలూ ఆ ఇసుకలోనే ఉన్నాయి.
ఆ పైన, తీరిగ్గా, మొదటి గంట.

అప్పుడు వెలిగింది నాకు.
ఈ పెట్టె నేర్చుకున్నది అమెరికా మర్యాద.
అక్కడ తలుపు ఒకసారి కొట్టి,
రెండోసారి కొట్టేలోపు పేరు చెబుతారు.
ఇక్కడేమో గేటు దగ్గరే గొంతు సవరించుకుని
పేరు చెప్పేసి, అప్పుడు తలుపు కొడతారు.
మా పెట్టె మొదటి గంట విన్నాకే చెవులు రిక్కిస్తోంది.
అప్పటికి చెప్పేవాళ్లు చెప్పి ఊరుకున్నారు.

మార్చింది రెండే వరుసలు.
గంట కోసం కాదు, ఆ ఒత్తిగిలే చప్పుడు కోసం కాచుకోమని ఒకటి,
ఈ దేశపు గరగర ఇలా ఉంటుందని ఇంకొకటి.
బిల్లులో ఒక గంట పనే రాశాను.

తెల్లారి ఐదుంబావుకి
మోగకముందే తెర వెలిగింది.
అంకెలు, వాటి కింద ఇంగా స్వయంగా ఎక్కించిన పేరు:
బాబ్సీ హాల్క్రో, ఉత్తరపు కొట్టం.
"చెప్పు బాబ్సీ" అంటుందనుకున్నాను.
అనలేదు.
"పశువుల ఆసుపత్రి" అంది, అంతే.
అటునుంచి ముసలావిడ ఎప్పటిలాగే మొదలుపెట్టింది:
నేను బాబ్సీని, పడవల లారెన్సు రెండో కూతుర్ని,
కొండ దిగువన ఎర్ర రేకుల ఇల్లు మాది...
ఇంగా ఊఁ కొడుతూనే
పేరు రాసిన చీటీ డాక్టరు వైపు తోసింది.
ముసలావిడ ఇంకా తాత పేరు దగ్గరుండగానే
బయట కారు కదిలింది.

"మంగళవారం కూడా చేశానమ్మా, నేనే," అంటోంది బాబ్సీ.
"చెయ్యి పెట్టి లాగాను. పిల్ల దక్కింది.
తల్లి పోయింది."

ఇంగా నా వైపు చూడలేదు.
సీసాతో పాలు ఎన్నెన్ని గంటలకి పట్టాలో చెబుతోంది,
నెమ్మదిగా, ఒక్కో అంకె రెండుసార్లు.